చల్లారిన సూపుకు ఐదు నక్షత్రాలు

నాసిరకం రెస్టారెంట్లకు అవార్డులివ్వాలి! అవును, మీరు చదివింది నిజమే. సూపు చల్లారాక తెచ్చేవాళ్ళనీ, మనం చెయ్యెత్తగానే కిటికీలోంచి ఆకాశం చూసేవాళ్ళనీ వేదికెక్కించి నాలుగు మంచి మాటలు చెప్పాలి.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మా ఆఫీసు వెనక వీధిలో, ఇస్త్రీ దుకాణానికీ కళ్ళజోళ్ళ దుకాణానికీ మధ్య ఒక ఫ్రెంచ్-మెడిటరేనియన్ బిస్ట్రో ఉంది. బిస్ట్రో అంటే ఏమిటని అడక్కండి. నాకు తెలిసినంతలో కుర్చీలు ఇరుకుగా, దీపాలు గుడ్డిగా, ప్లేట్లు పెద్దవిగా, వాటిలో పదార్థం చిన్నదిగా ఉంటే దాన్ని బిస్ట్రో అంటారు. ఇక్కడ ఫ్రెంచ్ వంటకీ మెడిటరేనియన్ వంటకీ పెళ్ళి చేశారట. పెళ్ళన్నాక కొన్నాళ్ళు బాగుంటుంది, కొన్నాళ్ళు బాగుండదు. ఇంటర్నెట్లో దాని రివ్యూలూ అలాగే ఉన్నాయి. ఒకాయన "స్వర్గం!" అని ఐదు నక్షత్రాలిచ్చాడు. ఆ కిందే ఒకావిడ "నిజమే, తిండి వచ్చేలోగా స్వర్గానికే పోతామనుకున్నాం" అని ఒక్కటిచ్చింది.

మరి అలాంటి చోటికి ఎందుకు వెళ్ళినట్టు? కుటుంబ శాంతి కోసం!

మా ఆవిడకీ వాళ్ళక్కకీ, అంటే మా వదినకీ, ఏడాదిగా మాటల్లేవు. కారణం ఒక ఫోటో. అందరం కలిసి దిగిన ఆ ఫోటోలో వదిన చక్కగా నవ్వుతోంది, మా ఆవిడేమో కళ్ళు మూసుకుంది. వదిన దాన్ని తలుపంత పెద్దది చేయించి వాళ్ళ హాల్లో తగిలించింది. "తీసెయ్యి అక్కా, అందరూ నన్ను నిద్రమొహం అంటున్నారు" అంది మా ఆవిడ. "నేను బాగా పడిందే అదొక్కటీ, తియ్యను" అంది వదిన. చిలికి చిలికి గాలివానైంది.

అంతకుముందు వాళ్ళిద్దరూ రోజూ సాయంత్రం ఫోన్లో పడీపడీ నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు ఆగిపోయాక ఇల్లు బోసిపోయింది. దాన్ని మళ్ళీ వినాలని నాకు ఎంతుండేదో చెప్పలేను.

అందుకని నేనూ, మా తోడల్లుడూ కూడబలుక్కున్నాం. ఆయన పళ్ళ డాక్టరు, మితభాషి. మా ఇల్లూ వాళ్ళిల్లూ కాని చోట, గోడ మీద ఒక్క ఫోటో కూడా లేని చోట అక్కచెల్లెళ్ళని పక్కపక్కన కూర్చోబెడదామని పథకం.

మొదటిసారి వెళ్ళినప్పుడు బిస్ట్రో అద్భుతంగా ఉంది. ఖర్మ! పొగలు కక్కే ఉల్లిపాయ సూపు, నోట్లో పెడితే కరిగిపోయే చేప, అడక్కముందే నీళ్ళు. ఫలితం? నలుగురం తలలు వంచుకుని తిన్నాం. "ఆ ఆలివ్‌ల గిన్నె ఇటివ్వమనండి" అంది మా ఆవిడ నాతో. నేను తోడల్లుడికి చెప్పాను, ఆయన వదినకి చెప్పాడు. వదిన మోచేతి దగ్గరున్న గిన్నె పక్క కుర్చీకి చేరడానికి టేబులంతా తిరిగొచ్చింది. నోటినిండా రుచి ఉంటే ఇక మాటకి చోటెక్కడిది?

పట్టు వదలకుండా మళ్ళీ వెళ్ళాం. అదే టేబులు. అయితే ఆ రోజు వంటింట్లో ఏం జరిగిందో తెలీదు. మెడకి బో టై కట్టుకున్న గంభీరమైన వెయిటరు ఆర్డరు రాసుకుని లోపలికెళ్ళాడు, సన్యాసుల్లో కలిసిపోయాడేమో అనుకున్నాం. 'ఆకలి రుచెరగదు' అన్న సామెతని ఆ వంటింటివాళ్ళు గట్టిగా నమ్ముకున్నట్టున్నారు! చాలాసేపటికి బ్రెడ్డొచ్చింది. అది విరిచిన చప్పుడుకి పక్క టేబులువాళ్ళు తిరిగి చూశారు. మా తోడల్లుడు తింటున్నవాళ్ళందరినీ ఆశగా కలయజూశాడు. వృత్తి అలాంటిది మరి. తర్వాత చేటంత ప్లేటులో చేప వచ్చింది. దానిమీద ఏదో నురగ.

మా ఆవిడ ఆ నురగని చెంచాతో పక్కకి నెట్టి, "ఇదేంటి, ప్లేటు సరిగ్గా కడగలేదా?" అంది గాల్లోకి.

వదిన పెదవులు బిగించింది. కానీ ఎంతసేపని ఆపుకుంటుంది? "కడిగారే. చేప కూడా అందులోనే కొట్టుకుపోయింది!"

అంతే, కట్ట తెగింది! సూపులో ఉప్పు లేదని ఒకరు, ఉప్పంతా చేపలో ఉందని ఇంకొకరు.

"మన హాస్టల్ మెస్సే నయం కదే!"

"అక్కడ కనీసం తినేది కనబడేది అక్కా!"

ఏడాది తర్వాత మా ఆవిడ నోట 'అక్కా' అన్న మాట! నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్రెడ్డు గొంతుకి అడ్డం పడిందని తోడల్లుడికి చెప్పాను.

ఇప్పుడు చెప్పండి. పెద్దల మధ్యవర్తిత్వం చెయ్యలేని పని, ఫీజు పుచ్చుకునే కౌన్సెలర్ చెయ్యలేని పని, ఒక ఎండిపోయిన బ్రెడ్డు ముక్క చేసిందా లేదా? దానికి ఒక్క నక్షత్రమా?

ఆ తర్వాత ప్రతి సెలవురోజూ అక్కడే. ఏమేం తిట్టుకోవాలో అక్కచెల్లెళ్ళు దారిలోనే మాట్లాడుకునేవారు. తీరా వెయిటరు వంగి "ఎలా ఉందండీ?" అని అడిగితే మాత్రం, నలుగురం ఒక్క గొంతుతో "సూపర్!" అనేవాళ్ళం. ఆయన అటు తిరగ్గానే ఇటు మళ్ళీ మొదలు.

ఇంతలో పిడుగు పడింది. ఎవరో పనిలేని పెద్దమనిషి రివ్యూలో నిజం రాసేసినట్టున్నాడు, వంటవాణ్ణి మార్చేశారు! సూపు వేడిగా ఉంది. బ్రెడ్డు దూదిలా ఉంది. వెయిటరు మమ్మల్ని వదిలి కదలడే!

"బాగుంది" అంది మా ఆవిడ.

"ఊఁ, బాగుంది" అంది వదిన.

బాగున్నదాని గురించి మన నోట రెండో మాట ఎప్పుడు వచ్చింది గనక? మా ఆవిడ కళ్ళు మెల్లగా ఎదుటి ఖాళీ గోడమీదికెళ్ళాయి.

"అవునూ, ఆ ఫోటో ఇంకా హాల్లోనే ఉందా?"

వదిన చెంచా కింద పెట్టింది. తోడల్లుడు నావైపు చూశాడు. నేను సూపువైపు చూశాను. అంత మంచి సూపు నా జన్మలో తాగలేదు. ఇంకో చెంచా నోట్లో పోసుకుని, మూతి వంకర పెట్టి, "ఛీ! ఇదీ ఒక సూపేనా? ఉల్లిపాయ స్నానం చేసిన నీళ్ళలా ఉంది!" అన్నాను.

ఇద్దరూ ఒక్కసారి నావైపు తిరిగారు.

"ఇంత మంచి సూపుకి వంక పెడతారా? అసలు మీకు నాలుకనేది ఉందా?" అంది మా ఆవిడ.

"మరిదిగారిదంతా తిరకాసే కదే! మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు కాఫీలో ఉప్పేసిస్తే, బాగుందని గుటకలేస్తూ తాగారు చూడు!"

"అమ్మో, అది నువ్వేశావా అక్కా!"

ఇక ఆ నవ్వు ఆగలేదు. "ఉండండి, ఆ మొహం చెదరనివ్వకండి" అంటూ వదిన చెల్లెల్ని దగ్గరికి లాక్కుని, వెనకాల నేను కూడా పడేలా ఫోన్ ఎత్తి ఫోటో తీసింది.

కాబట్టి పాఠకులారా, చెడ్డ రెస్టారెంటు కనబడితే నోరు మూసుకుని ఐదు నక్షత్రాలివ్వండి. నలుగురు కూర్చున్న టేబులు మీద బాగులేనిది ఏదో ఒకటి ఉండి తీరాలి. వంటవాడు ఆ సాయం చెయ్యనంటే, నాలాంటివాడెవడో సిద్ధపడాలి.

వదిన వాళ్ళ హాల్లో పాత ఫోటో దిగిపోయింది. దాని స్థానంలో కొత్తది, అదీ తలుపంతే. అక్కచెల్లెళ్ళిద్దరూ చెంపకి చెంప ఆనించి నవ్వుతున్నారు. వెనకాల నేను, నోట్లో చెంచాతో, కళ్ళు మూసుకుని.

తీసెయ్యమని బతిమాలాను.

"మేమిద్దరం బాగా పడిందే అదొక్కటీ!" అన్నారు ఇద్దరూ.