ఒక లైసెన్సు, రెండు కంప్యూటర్లు

మా ఇంట్లో పాత కంప్యూటర్ పక్కన మనిషి నిలబడితేనే పనిచేసేది. మనిషంటే ఎవరో కాదు, నేనే. కూర్చుంటే చాలదు, నిలబడాలి. మా ఆవిడ కుర్చీలో కూర్చుని పని చేసుకుంటుంటే, నేను బల్లకు కుడిపక్క గోడ వారగా నిలబడేవాణ్ణి. మంచినీళ్లకు వెళ్తే అది ఆగిపోయేది. నా వల్ల నడిచేది ఒకటైనా ఉందని నేను లోలోపల మురిసిపోయేవాణ్ణి.

మా ఆవిడ బట్టలు కుట్టే కార్ఖానాకు కత్తిరింపు నమూనాలు గీసి ఇస్తుంది. చొక్కా చెయ్యి ఎక్కడ వంగాలో, జేబు ఎక్కడ కూర్చోవాలో ఆమె కంప్యూటర్‌లో గీస్తే, అక్కడ కటింగ్ మాస్టర్ దాని ప్రకారం గుడ్డ కత్తిరిస్తాడు. ఆ శనివారం సాయంత్రానికి ఆసుపత్రి నర్సుల యూనిఫాం నమూనా అందాలి. అందకపోతే పని ఇంకొకరికి వెళ్తుంది. ఒకసారి వెళ్లిన పని తిరిగి రాదని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది.

నేను శుక్రవారమే కొత్త కంప్యూటర్ తెచ్చాను. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. పాతదానిలో ఉన్న సిస్టమ్ విడిగా కొన్నదా, యంత్రంతోపాటు వచ్చిందా అని షాపతను అడిగాడు. యంత్రంతో వచ్చినదైతే దానితోనే పోతుందట. విడిగా కొన్నదైతే పాతదానిలోంచి తీసేసి కొత్తదానిలో పెట్టుకోవచ్చట.

"విడిగానే. నేనే పట్టుబట్టి కొన్నాను," అన్నాను.

పట్టుబట్టింది మా ఆవిడ. ఆ రోజు విడిగా ఎందుకని షాపులోనే వాదించింది నేను.

షాపతను చెప్పినదాంట్లో 'తీసేసి' అన్న ముక్క నాకు నచ్చలేదు. ఎందుకంటే పాత కంప్యూటర్‌ను సిస్టమ్‌తో సహా ఇస్తానని నేను చెక్ బాబాయికి అప్పటికే మాటిచ్చాను. ఈయన చదరంగం క్లబ్బు అధ్యక్షుడు. చెక్ ఉన్నా లేకపోయినా ప్రతి ఎత్తుకూ చెక్ అంటాడు గనక వీధిలో అందరికీ చెక్ బాబాయి. కంప్యూటర్ చేతికొస్తే నన్ను క్లబ్బు సెక్రటరీని చేస్తానన్నాడు. కాబట్టి నా ఏర్పాటు ఏమిటంటే, ఒకే లైసెన్సు రెండిట్లో ఉంటుంది. ఇటు ఇల్లాలు, అటు క్లబ్బు.

శనివారం ఉదయం మా ఆవిడను ఆ గది వైపు రావద్దన్నాను.

"సాయంత్రానికి నా ఫైలు కావాలండీ," అంది.

"సాయంత్రం దాకా ఎందుకు? మధ్యాహ్నానికే ఇచ్చేస్తాను. భోజనం కూడా దీని ముందే కూర్చుని తినొచ్చు."

కొత్తదానిలో డిస్కు పెట్టాను. లైసెన్సు కీ కొట్టాను. తెర మీద ఒప్పందం వచ్చింది. అంగీకరిస్తున్నాను అని నొక్కితే సరిపోతుందని లోకంలో అందరికీ తెలుసు. కానీ నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రూఫ్ రీడర్‌ని. చదవని కాగితం కింద సంతకం పెట్టలేను. పెళ్లిలో రిజిస్ట్రార్ గారిని కూడా అలాగే నిలబెట్టాను. కుర్చీ లాక్కుని మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాను.

మా ఆవిడ గుమ్మంలోంచి తొంగిచూసి ఏం చేస్తున్నారని అడిగింది. ఒప్పందం చదువుతున్నానన్నాను. దాన్ని ఎవరూ చదవరంది. అందుకే అందులో ఏం రాసినా చెల్లిపోతోందన్నాను. ఆమె నా భోజనం పళ్లెం బల్ల మీద పెట్టి వెళ్లింది.

భోజనం అయ్యేసరికి అసలు షరతు దగ్గరికి వచ్చాను. ఒక లైసెన్సు, ఒక కంప్యూటర్. ఆ వాక్యంలో తప్పు దొరుకుతుందేమోనని మళ్లీ చదివాను. దొరకలేదు. కళ్లు మూసుకుని నొక్కాను.

ఈ కీ ఇంకో కంప్యూటర్‌లో వాడుకలో ఉంది, ఫలానా నంబరుకు ఫోన్ చేయండి అని వచ్చింది. గదిలో సిగ్నల్ అందక ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను. రికార్డు చేసిన గొంతు ఒకటి వినిపించింది. అంకెలు అడిగింది, చెప్పాను. చివర్లో అడిగింది: "ఈ సిస్టమ్ ఎన్ని కంప్యూటర్లలో ఉంది?"

ఒకటి అంటే అయిపోయేది. నోరు తెరిచాను. మా ఆవిడ ఆరేసిన బట్టలు తీయడానికి అప్పుడే బాల్కనీలోకి వచ్చింది. నా వైపు చూసింది.

"రెండు," అన్నాను.

ఆ గొంతు నాకు ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది.

లోపలికి వచ్చేసరికి పాత కంప్యూటర్ ఆగిపోయి ఉంది. దాని ఎదుట నిలబడి బటన్ నొక్కాను. లేవలేదు. మరలు విప్పి పక్క రేకు తీశాను. మళ్లీ బిగించబోతే ఒక మర మిగిలింది. నర్సులందరి చొక్కా చేతులూ అందులోనే ఉన్నాయి. అప్పుడే కటింగ్ మాస్టర్ ఫోన్ చేశాడు. ఇంకో గంటలో వెళ్లిపోతాడట. ఫోన్ మా ఆవిడకు ఇచ్చి, ఆ మరను జేబులో వేసుకున్నాను.

ఆమె మాస్టర్‌తో నమూనా తెస్తున్నానని చెప్పి, నా ముందు చెయ్యి చాపింది. మర ఇచ్చాను. బిగించింది.

"వెళ్లి మీ చోట నిలబడండి," అంది.

గోడ వారన నిలబడ్డాను. కంప్యూటర్ లేచింది.

తర్వాత ఆమె పనిచేస్తుంటే చూస్తూ ఉండిపోయాను. కత్తెర పెట్టే ముందు గుడ్డ సర్దినట్టు, ముందు తన ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంది. పాతదానిలోంచి లైసెన్సు కీ తీసేసింది. కొత్తదానిలో అదే కీ కొట్టింది. బాల్కనీలోకి వెళ్లి అదే నంబరుకు ఫోన్ చేసింది. ఎన్ని కంప్యూటర్లు అన్న ప్రశ్నకు ఒకటి అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ముందు దాన్ని నిజం చేసి, తర్వాత చెప్పింది. మా ఆఫీసులో ఆ వరస తెలిసినవాళ్లను నేను చూడలేదు.

ఫైలు కొత్తదానిలో తెరిచి సరిచూసుకుని కార్ఖానాకు బయల్దేరింది. గుమ్మంలో దుప్పటి పట్టుకుని చెక్ బాబాయి ఎదురయ్యాడు.

"అమ్మాయీ, పాతది కట్టుకుపోదామని వచ్చాను. సిస్టమ్ రెండిట్లోనూ ఉంటుందన్నాడు మీ ఆయన."

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూడను కూడా చూడలేదు. "రేపు రండి బాబాయిగారూ. అందులో ఎవరైనా వాడుకోగల ఉచిత సిస్టమ్ ఎక్కించి ఇస్తాను. కాకపోతే అది పనిచేయాలంటే ఈయన పక్కన నిలబడాలి. ఈయన్ని కూడా తీసుకెళ్లండి."

మర్నాడు కంప్యూటర్ క్లబ్బుకు వెళ్లింది. వెంట నేనూ వెళ్లి, బల్లకు కుడిపక్క గోడ వారగా నిలబడ్డాను. చెక్ బాబాయి బటన్ నొక్కాడు. లేచింది. టీ తాగొస్తానని పరీక్షగా బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది ఎవరి అవసరమూ లేకుండా నడుస్తోంది. క్లబ్బు పద్దులు దానంతటదే కూడుతుంటే ఇంక సెక్రటరీ దేనికన్నాడు చెక్ బాబాయి. చెక్ అని కూడా అన్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మా ఆవిడ నర్సుల టోపీలు గీస్తోంది. ఆ పని కూడా ఆమెకే ఇచ్చారట.

"పాతదాన్ని పెట్టిన గోడ ప్లగ్గు వదులుగా ఉందండీ. మీరు ఆనుకుని నిలబడితే మీ మోకాలు దాన్ని లోపలికి నొక్కేది," అంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "చెబితే మీరు నా పక్కన నిలబడతారా?"

కొత్త కంప్యూటర్ వేరే ప్లగ్గులో ఉంది, పక్కన ఎవరూ లేకపోయినా పనిచేస్తుంది. నేను మాత్రం రోజూ వెళ్లి కుడిపక్క గోడ వారన నిలబడుతున్నాను.