పెద్దపేగు పటేల్

ఊళ్ళో ఎక్కువ అన్నది ఏదున్నా అది పాపిరెడ్డి పటేల్‌దే! ఈ చట్టం ఎక్కడా రాసి లేదు. కాబట్టే నకిరేకల్ పక్కనున్న ఆ ఊళ్ళో ఎవరూ దాన్ని రద్దు చేయలేకపోయారు.

అలాంటి పటేల్ కడుపులో పంతొమ్మిది వందల తొంభై ఆరులో గడ్డ తేలింది. పెద్దపేగు క్యాన్సర్ అన్నారు హైదరాబాదు డాక్టర్లు. పటేల్‌కు చచ్చేంత భయమేసింది. అయినా పేరు విని కాస్త కుదుటపడ్డాడు. పెద్ద పేగు కదా! పెద్దింటికి తగ్గ రోగమే వచ్చింది.

ఆపరేషన్ అయి కళ్ళు తెరిస్తే పక్క మంచం మీద ఎవరు? తన ఊళ్ళో గొర్లు కాసే బీరన్న! అదే రోగం, అదే పేగు!

"వీనికి చిన్నపేగు సాలకపాయెనా!" అని పటేల్ కుతకుతలాడిపోయాడు.

డాక్టర్ మెహరాజ్ ఇద్దరికీ ఓపిగ్గా చెప్పింది. "కోసి తీసిన గడ్డల్లో ఒక జీన్ ఎంత జోరుగా పనిచేస్తుందో కొలుస్తున్నాం. జీన్ అంటే వంశం నుంచి వచ్చేది. దాని జోరును బట్టి..."

వంశం అన్న మాట చెవిన పడగానే పటేల్ మిగతాది వినలేదు. తన వంశం సంగతి ఒకరు చెప్పాలా!

తర్వాత చూపించుకోవడానికి వచ్చిన రోజు పటేల్ బెంచీ మీద కాలు మీద కాలేసుకుని, బీరన్న కింద గోడకానుకుని కూర్చున్నారు. ఆయా జానమ్మ వార్త మోసుకొచ్చింది.

"మీ ఊరోళ్ళ జీన్లు తేలినయ్. ఒకరిది ఎక్కువంట, ఒకరిది తక్కువంట."

"ఎక్కువ నాదే. గది గూడ అడగాల్నా?" పటేల్ మీసం దువ్వాడు.

"నాకెన్నడు ఎక్కువొచ్చింది పటేలా!" అన్నాడు బీరన్న.

తలుపు తెరుచుకుంది. "ఎక్కువ వచ్చినవాళ్ళు ముందు రండి" అంది డాక్టరమ్మ.

"నేనే!" పటేల్ కండువా సర్దుకుని లేచాడు.

"ధైర్యంగా వినండి. ఆ జీన్ జోరు ఎక్కువుంటే రోగం తిరగబెట్టే భయమూ ఎక్కువే. గట్టి మందు ఇవాళే మొదలుపెట్టాలి."

పటేల్ కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. "అమ్మా, నేను తక్కువోణ్ణి! మా తాత తక్కువోడు! మా ముత్తాత ఇంకా తక్కువోడు! మా వంశంల ఎక్కువోడు పుట్టనేలేదు తల్లీ!"

వరండా అంతా గొల్లున నవ్వింది. డాక్టరమ్మ కాగితం చూసింది. "మీ పేరు?"

"పాపిరెడ్డి... ఉత్త పాపిగాణ్ణి!"

"మీది తక్కువే. ఎక్కువ బీరన్నది."

పటేల్ కళ్ళు తుడుచుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పక్కకు జరిగి దారిచ్చాడు. "ముందు నువ్వు నడువు బీరన్నా."

బీరన్న గోడ పట్టుకుని లేచాడు. అతని మొహం పాలిపోయింది. "మందు పనిచేస్తే కోలుకుంటావు, భయపడకు" అంది డాక్టరమ్మ. అతను గడపలో ఆగి వెనక్కి చూశాడు.

"పటేలా, నేను బతికొస్తే గీ 'ముందు నువ్వు నడువు' అన్న మాట ఊర్ల గూడ అంటవా?"

"ఏ మాటరా?" అన్నాడు పటేల్, బెంచీ మీద మళ్ళీ కాలు మీద కాలేసుకుంటూ.