మంగళవారం పదకొండూ నలభై

బుధవారం పొద్దున్న హారిక వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మేనత్త పాపాయమ్మ ఇచ్చిన కాఫీ తాగాలి. ఫోనులో ఉన్న ఫొటోలన్నీ చూసుకుంటూ నోటుపుస్తకంలో వివరాలు రాసుకోవాలి. శుక్రవారం తొమ్మిదింటి దాకా ఆ ఇంట్లో ఏ వస్తువూ కదలకుండా చూసుకోవాలి. నలుగురూ వచ్చిపోయే ఇంట్లో అది జరిగే పని కాదని ఆమెకి తెలియకపోలేదు. అయినా నమ్మింది. ఇరవయ్యారేళ్ళ వయసులో ఇలాంటివి నమ్మకపోతే సినిమాల్లోకి ఎవరూ వెళ్ళరు.

హారిక సినిమాల్లో సహాయ దర్శకురాలు. కంటిన్యూటీ చూడటం ఆమె పని. అంటే, గుమ్మంలో నిలబడ్డప్పుడు హీరోయిన్ ఎడమచేతికి ఉన్న గాజులు, గదిలోకి వెళ్ళేసరికి కుడిచేతికి రాకుండా కాపలా కాయడం. ఒక సన్నివేశాన్ని నాలుగు రోజులు తీసినా చూసేవాళ్ళకి నాలుగు నిమిషాలే గడిచినట్టుండాలి. సరిగ్గా చేస్తే ఎవరికీ కనిపించదు, తప్పు చేస్తే ఊరందరికీ కనిపిస్తుంది. అలాంటి ఉద్యోగమంటే హారికకి ప్రాణం. ఎందుకో అడిగితే చెప్పలేదు గానీ, సరిగ్గా కుదిరిన సన్నివేశం చూసినప్పుడు ఆమెకి కడుపు నిండినట్టుంటుంది.

దర్శకురాలు లావణ్యకి ఇది రెండో సినిమా. మొదటి సినిమాలో ఒక బిందె నూతిగట్టు మీద ఉండి, మరుక్షణం మెట్ల మీద ఉండి, ఆ తరవాత అసలు లేకుండా పోయింది. ఆ బిందె మీద జనం వీడియోలు చేసి నవ్వుకున్నారు. అప్పట్నించి లావణ్య ఇత్తడి చప్పుడు వింటే ఉలిక్కిపడుతుంది. "ఈసారి ఒక్క తప్పు కూడా దొరక్కూడదు. దొరక్కపోతే వచ్చే సినిమాకి నువ్వే అసోసియేట్ డైరెక్టరువి. దొరికితే నిన్ను ఇంటికి పంపేస్తాను" అని హారికకి ముందే చెప్పింది. హారిక ఇల్లు, షూటింగు జరిగే మేనత్త ఇంటికి నాలుగు గుమ్మాల అవతలే ఉంది. ఆ ఇంట్లో హారిక తండ్రి బి.ఎడ్. దరఖాస్తు అంతా నింపేసి, సంతకం పెట్టే చోటు మాత్రం ఖాళీగా ఉంచి, కూతురికోసం ఎదురుచూస్తున్నాడు.

కొత్తపేట దగ్గర ఆ పెంకుటింట్లో మంగళవారం షూటింగు మొదలైంది. తల్లితో పోట్లాడిన కూతురు పెట్టె పట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోవడం సన్నివేశం. కూతురి వేషం దివ్యది. కెమెరా పెట్టేసరికి వెనకాల ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. పాపాయమ్మ భర్త సూరిబాబు అరుగు మీద కూర్చుని మీసానికి రంగు వేసుకుంటున్నాడు. కుడి సగం నల్లబడింది, ఎడమ సగం ఇంకా తెల్లగా ఉంది. దూలానికి పచ్చి అరటిగెల వేలాడుతోంది. కొబ్బరికాయల దింపు తీసే నూకయ్య చెట్టు మధ్యదాకా ఎక్కాడు. ఎదురింటి మార్తమ్మ టీచరు గొడుగు వేసుకుని వీధి దాటుతోంది. "ఎంత సహజంగా ఉందో! ఎవరూ మారకండి" అని లావణ్య మురిసిపోయి తీయడం మొదలుపెట్టింది. దివ్య మెట్లు దిగేదాకా అయింది. గేటు దగ్గర నిలబడి ఇంటివైపు చూడటం మిగిలింది. సరిగ్గా పదకొండూ నలభైకి కుంభవృష్టి కురిసింది. యూనిట్ రాజమండ్రి వెళ్ళిపోయింది. ముందే ఒప్పుకున్న ప్రకటన ఏదో ఉందని దివ్య హైదరాబాదు వెళ్ళింది. మిగతాది శుక్రవారమన్నారు.

"అత్తయ్యా, మంగళవారం పదకొండూ నలభైకి ఏది ఎలా ఉందో శుక్రవారానికీ అలాగే ఉండాలండి" అంది హారిక.

"ఆయ్, అలాగేనమ్మా. మన పిల్ల ఉద్యోగం. ఊరంతటికీ నేను చెప్తాను కదా" అంది పాపాయమ్మ.

చెప్పింది కూడా. ఇంట్లో మనిషికి మాత్రం చెప్పలేదని హారికకి ఓ గంటలోనే అర్థమైంది. మావయ్య సూరిబాబు అద్దం ముందు రంగు గిన్నెతో కనిపించాడు.

"మావయ్యగారూ, ఆగండి! ఆ ఎడమవైపు ముట్టుకోకండి!"

"ఇవాళ మురమళ్ళ వెళ్ళాలమ్మా. కొడుక్కి సంబంధం కుదరాలని మా తోడల్లుడుగారు స్వామికి కల్యాణం చేయిస్తున్నారు. ఈ మీసంతో ఎలాగెళ్ళనూ?"

"నా బతుకు ఆ సగం మీసం మీదుందండీ" అని హారిక దాదాపు ఏడ్చినంత పని చేసింది.

సూరిబాబు మంచివాడు. ఆడపిల్ల కంటతడి పెడితే మీసమేమిటి, తలైనా సగం గొరిగించుకుంటాడు. కండువాతో మూతి ఎడమపక్క కప్పుకుని మురమళ్ళ వెళ్ళాడు. కండువా జారకుండా కుడిపక్కనుంచే మాట్లాడాడు, కుడిపక్కనుంచే ప్రసాదం తిన్నాడు, ఫొటో తీస్తుంటే కుడిపక్కకే తిరిగాడు. తోడల్లుడి భార్య ఇదంతా గమనించి, పక్కనున్న ఆవిడ చెవిలో పక్షవాతమని ఊదింది. అడిగితే మనిషి నొచ్చుకుంటాడని సూరిబాబుని ఎవరూ ఒక్క మాట అడగలేదు. గోదావరి జిల్లాల మర్యాద అలాంటిది. అడగరు, తిన్నగా వచ్చి పలకరిస్తారు.

గురువారం ఎనిమిదింటికి మొదటి ఆటో ఆగింది. హార్లిక్స్ సీసాతో తోడల్లుడు దిగాడు. పదింటికల్లా అరుగు నిండిపోయింది. కండువా తీసేసిన సూరిబాబుని చూసి, ఆ నలుపు తెలుపు మీసం చూసి, వచ్చినవాళ్ళ గుండె చెరువైంది.

"కంగారుపడకండి అన్నయ్యగారూ. ఈ రోజుల్లో మంచి మందులున్నాయండి. వెంట్రుకలదాకా వచ్చిందంటే కాస్త టైం పడుతుందంతే."

"నాకేం జబ్బండీ? ఇది సినిమా కోసమండి" అన్నాడు సూరిబాబు రెండు వైపులా నోరు తెరిచి.

చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెరట్లోకి వెళ్ళాక ఒకాయన గొంతు తగ్గించి, "మాట బాగానే వస్తోందండి. పాపం, మతే చలించింది. సినిమా అంటున్నారు" అన్నాడు. ఆ కబురు మధ్యాహ్నానికి అమలాపురం చేరింది. సాయంత్రానికి రాజోలునుంచి కూడా ఆటోలు వచ్చాయి.

ఈలోగా హారిక కుర్చీలకి, గుమ్మానికి, దండెం మీది తువ్వాలుకి కాపలా కాస్తూ వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతోంది. కుర్చీ జరిపినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "పెద్దమ్మగారూ, ఒక్క జానెడు ఎడమకండి" అని బతిమాలింది. తలెత్తి దూలం వైపు చూసింది. గెల ఉండాల్సిన చోట కాడ మాత్రం వేలాడుతోంది.

"అత్తయ్యా! గెలేదండీ?"

"రెండ్రోజుల్లో పండిపోయింది కదమ్మా. అంతదూరంనుంచి వచ్చినవాళ్ళని ఉత్తచేతుల్తో పంపమంటావా? నలభై మంది వచ్చేరు" అని పాపాయమ్మ దూలం వైపు చూపించింది. "నువ్వు చెప్పినట్టే కాడ మాత్రం ముట్టుకోలేదు. ఎక్కడిదక్కడే ఉంది చూడు."

హారిక ఏడవడానికి కూడా ఆగకుండా స్కూటీ ఎక్కి రావులపాలెం అరటి మార్కెట్టుకి వెళ్ళింది. ఫోనులో ఫొటో పెద్దది చేసి చూపిస్తూ, ఇలాంటి పచ్చి గెలే కావాలని, కిందనుంచి రెండో వరసలో ఒక కాయ పక్కకి తిరిగి ఉండాలని అడిగింది. వ్యాపారి చాలాసేపు ఆ ఫొటో వంక చూశాడు.

"అమ్మాయిగారూ, తినడానికాండి, ఎవరైనా తప్పిపోయేరాండి?"

విషయం విన్నాక మాత్రం మార్కెట్టు మార్కెట్టంతా కదిలింది. ఫోను చేతులు మారింది. "ఇదిగోనండి, మొహం కలిసింది గానీ పొట్టిదండి", "దీనికి తిరిగిన కాయ ఎడమవైపుందండి" అంటూ పెద్దమనుషులంతా గెలలకి పెళ్ళిచూపులు చేశారు. మూడు గంటల తరవాత దొరికింది. పొద్దు వాలకముందే ఆ గెలని స్కూటీ మీద పసిపిల్లని ఒళ్ళో పెట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చి దూలానికి కట్టింది. పలకరించడానికి వచ్చిన చుట్టాల్లో కొందరు, అది కూడా పండుతుందేమో చూసి వెళదామని కాబోలు, ఆగిపోయారు.

శుక్రవారం ఏడింటికి హారిక బయటికి వచ్చేసరికి వీధి వీధంతా సిద్ధంగా ఉంది. ముప్ఫై నాలుగేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మార్తమ్మ టీచరు పెత్తనం తీసుకుంది. మంగళవారం నాటి చీరే కట్టుకుని, గొడుగు వేసుకుని, కుడికాలు ముందుకీ ఎడమకాలు వెనక్కీ పెట్టి నడివీధిలో నిలబడి హాజరు పిలుస్తోంది.

"నూకయ్యా!"

"వచ్చేనండీ టీచరుగారూ!" అని చెట్టు మధ్యనుంచి జవాబొచ్చింది.

"సూరిబాబుగారూ!"

"ఆయ్, ఉన్నానండి."

"మంగళవారం లేనివాళ్ళంతా పెరట్లోకి వెళ్ళాలండి. అక్కడ మాట్లాడకూడదండి."

రాజోలు చుట్టాలు చేతులు కట్టుకుని వరసగా పెరట్లోకి వెళ్ళారు. తొమ్మిదైంది, పదకొండైంది, యూనిట్ రాలేదు. "నూకయ్యా, దిగి కాసేపు కూర్చో" అని హారిక ఎన్నిసార్లన్నా అతను వినలేదు. "ఫర్లేదండి అమ్మాయిగారూ, దిగితే మళ్ళీ ఎత్తు తేడా వచ్చేస్తదండి" అన్నాడు. పాపాయమ్మ చిన్న బకెట్టులో ఉప్మా పెట్టి, తాడు కట్టి పైకి పంపించింది.

పన్నెండింటికి కార్లు వచ్చాయి. లావణ్య దిగి, మంగళవారం ఫొటో ఒక చేత్తో పట్టుకుని, కెమెరాలోంచి ఇంటిని చూసింది.

"హారికా, ఆ గెల కూడా అదేనా?"

"దాని తమ్ముడండి మేడమ్."

లావణ్య మొహం విప్పారింది. అప్పుడే రెండో కారులోంచి దివ్య దిగింది. మంగళవారం నడుము దాటిన జడ మెడదాకా కూడా లేదు. ప్రకటన వాళ్ళు కత్తిరించమంటే కత్తిరించుకుందట. బాగుందా అని నవ్వుతూ అడిగింది. సవరం కట్టడానికి కూడా జుట్టు లేదు. విగ్గు తెప్పించాలంటే ఆదివారమన్నారు.

"ఆదివారం దాకానాండి?" అని చెట్టు మీంచి నూకయ్య చాలా మర్యాదగా అడిగాడు.

లావణ్య మెట్ల మీద కూలబడింది. "దీని మీద కూడా ఆ బిందె వీడియోలే చేస్తారు" అని గొణిగి, "ఆ అమ్మాయి జుట్టు మీద ఒక కన్నేసి ఉంచాలని నీకు తోచలేదా?" అంది. హారిక ఊరంతటినీ మూడు రోజులు కట్టిపడేసింది గానీ, ఊళ్ళో లేని మనిషి మాటే మరిచిపోయింది. నాలుగు గుమ్మాల అవతల నాన్న అరుగు మీదికి వచ్చి చూస్తున్నాడు. ఆయన జేబులో మడిచిన దరఖాస్తు కాగితం ఉంది.

"ఒకటే దారి" అంది లావణ్య లేచి. "పెట్టె పట్టుకుని మెట్లు దిగింది కదా, అక్కడ ఆపేద్దాం. గేటు దగ్గరికి మూడేళ్ళ తరవాత తిరిగొచ్చినట్టు తీద్దాం. జుట్టు సరిపోతుంది. నువ్వు గంటలో ఇక్కడంతా మార్చెయ్యి. మూడేళ్ళు గడిచినట్టుండాలి."

మార్చమన్న మాట వినగానే ఊరు ఎదురుతిరిగింది. అదీ మర్యాదగానే.

"క్షమించాలండి" అన్నాడు సూరిబాబు. "పక్షవాతమనిపించుకుని, మతిపోయిందనిపించుకుని కాపాడేనండి ఈ మీసాన్ని. ఇప్పుడు రంగెయ్యనండి."

"ఒకసారి వేసిన హాజరు నేను దిద్దనండి" అంది మార్తమ్మ టీచరు, కాలు కదపకుండా.

"నేనైతే దిగుతానండి. కాళ్ళే తిమ్మిరెక్కేసి దిగనివ్వట్లేదండి" అన్నాడు నూకయ్య.

హారిక వాళ్ళందరి వంకా చూసింది. మంగళవారం ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు. గేటు దగ్గర పొట్టి జుట్టుతో దివ్య కొత్త మనిషిలా ఉంది.

"మేడమ్, ఏమీ మార్చొద్దండి. మూడేళ్ళ తరవాత వస్తుంది. గెల అదే. ఆ సగం మీసం అదే. టీచరుగారు ఇంకా వీధి దాటుతూనే ఉంటారు. తనొక్కతే మారింది. ఇల్లొదిలి వెళ్ళింది అందుకే కదండీ?"

లావణ్య తిన్నగా కెమెరా దగ్గరికి వెళ్ళింది. ఒక్క టేకులో అయిపోయింది. దివ్య గేటు పట్టుకుని, కదలని ఆ ఊరి వైపు చూస్తూ నవ్వబోయి ఏడ్చింది. పెరట్లోని చుట్టాలు కూడా, మాట్లాడకూడదు కాబట్టి, చప్పుడు లేకుండా ఏడ్చారు. లావణ్య కళ్ళద్దాలు తుడుచుకుని, "అసోసియేట్‌గారూ, తరవాతి షాటేమిటి?" అని అడిగింది. హారిక సిగ్గు లేకుండా బావురుమంది. అవతల నాన్న జేబులోంచి కాగితం తీసి, నాలుగు మడతలు ఎనిమిది చేసి, మళ్ళీ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నూకయ్యని నలుగురు పట్టుకుని చెట్టు దించారు. సూరిబాబు రంగు గిన్నె వెతుక్కున్నాడు.

మబ్బు పట్టడంతో దివ్య క్లోజప్పులు సోమవారానికి వాయిదా పడ్డాయి. అసోసియేట్‌గా హారిక ఇచ్చిన మొదటి ఆజ్ఞ, సోమవారం దాకా దివ్య ఆ ఊరు దాటకూడదని. ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పాపాయమ్మకి అప్పగించింది.

"అత్తయ్యా, ఈవిడ జుట్టు మీద దువ్వెన కూడా గట్టిగా ఆనకూడదండి. మూడు రోజులు కంటికి రెప్పలా చూసుకోండి."

"ఆయ్, నాకొదిలెయ్యమ్మా. పాపం, ఎంత చిక్కిపోయిందో పిల్ల" అంది పాపాయమ్మ.

సోమవారం పొద్దున్నకి దివ్య జుట్టు వెంట్రుకవాసి కూడా మారలేదు గానీ, శుక్రవారం నాటి జాకెట్టు హుక్కులు పెట్టడం మాత్రం యూనిట్‌లో ఎవరివల్లా కాలేదు.