పన్నెండుగురికి ప్రైమరు

భార్య ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళగానే భూతద్దం భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, పన్నెండుమంది సైనికులను వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరూ బొటనవేలంత ఉన్నారు. వాళ్ళ అంచుల మీద మిగిలిన ప్లాస్టిక్ నూగు గీకాలి, సబ్బునీళ్ళలో కడగాలి, ఊడిన చేతులు అతికించాలి, సీసా మూతల మీద నిలబెట్టి, రంగు పట్టడానికి ముందు పూసే తెల్ల ప్రైమరు కొట్టాలి. రంగుల సంగతి ఆ తర్వాత. ఇలాంటి బుల్లి బొమ్మలకు రంగులు వేసేవాళ్ళంతా ఆన్‌లైన్‌లో ఒక బృందంగా ఏర్పడి పోటీ పెట్టుకున్నారు. ఆ రోజు చీకటి పడేలోగా ప్రైమరు కొట్టిన దళం ఫోటో పంపినవాళ్ళే పోటీలో మిగులుతారు. కిందటేడు ఆయన ఈ మెట్టు దగ్గరే జారిపడ్డాడు. ఆ బృందంలో ఇప్పటికీ ఎవరైనా ఆలస్యం చేస్తే ఆయనతోనే పోలుస్తున్నారు.

భూతద్దం అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. రవాణా కంపెనీలో బిల్లులు సరిచూసే ఉద్యోగం ఆయనది. చుక్క పక్కకు జరిగినా పట్టేస్తాడు. తల నెరుస్తున్న మనిషి ఇంట్లో బొమ్మలు ముందేసుకుని కూర్చుంటాడని తెలిస్తే ఇంకే పేరు తగిలిస్తారోనని ఆయన భయం. అందుకే మేనేజరుకు ఫోన్ చేసినప్పుడు అబద్ధం ఆడకుండానే గట్టెక్కుదామనుకున్నాడు.

"ఇవాళ సెలవు కావాలండీ. ఇంట్లో రంగులేసే పని పెట్టుకున్నాను."

"మంచిదే. ఒక్కరోజులో అయిపోతుందా?"

"ఇవాళ ప్రైమరు వరకేనండీ," అన్నాడు భూతద్దం, ఒక సైనికుడి ముక్కు కింద చాకుమొనతో గీకుతూ.

"మనుషులున్నారా?"

ఆయన కళ్ళు బల్ల మీదున్నాయి, మనసూ అక్కడే ఉంది. "పన్నెండుగురు ఉన్నారండీ. అందులో ఇద్దరికి చేతుల్లేవు."

"చేతుల్లేనివాళ్ళతో రంగులేయిస్తున్నావా?"

"అంటే... వాళ్ళు పని చేసేవాళ్ళు కారండీ," అని నాలిక కరుచుకున్నాడు.

"అర్థమైందిలే. పనివాళ్ళు దొరక్క ఇంత ఇబ్బందుల్లో ఉండి నాకు చెప్పవేంటయ్యా," అని మేనేజరు జాలిగా ఫోన్ పెట్టేశాడు.

సైనికులు సబ్బునీళ్ళలో నానుతుండగా తలుపు చప్పుడైంది. తీసి చూస్తే ఎదురుగా కంపెనీ గోడౌను చూసుకునే పెద్దాయన. తలుపంత మనిషి. ఒక భుజాన నిచ్చెన, ఇంకో చేతిలో ఆఫీసు గోడలకు వేయగా మిగిలిన ప్రైమరు డబ్బా. వెనకాల చొక్కా చేతులు మడుచుకుంటూ మేనేజరు.

"మేముండగా నువ్వొక్కడివే అవస్థ పడ్డం ఏంటి," అన్నాడు మేనేజరు. "సామాను బయటపెడదాం పద."

భూతద్దం నిజం చెప్పేసేవాడే. నోరు తెరిచాడు కూడా. ఈలోగా వాళ్ళతోనే ఉంటున్న అత్తగారు వంటగదిలోంచి వచ్చి ఆ నిచ్చెనను, ఆ డబ్బాను చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"గోడలు చూడలేకపోతున్నానని ఎన్నేళ్ళుగా మొత్తుకున్నాను అల్లుడుగారూ. మీ చెవిన పడలేదేమో అనుకున్నాను. పాపం, మనసులో పెట్టుకున్నారన్నమాట."

తెరిచిన నోరు మూసుకున్నాడు. సైనికులను గబగబా నీళ్ళలోంచి తీసి పళ్ళెంలో పోసి, పైన తువ్వాలు కప్పాడు. అది మొదలు ఏ గదిలోకి వెళ్ళినా ఆ పళ్ళెం ఆయన చేతిలోనే ఉంది.

"అదేంటి, వదలకుండా తిరుగుతున్నావు?" అన్నాడు మేనేజరు.

"మందులండీ. అత్తగారివి."

"అన్ని మందులా?"

"పూటకి," అన్నాడు భూతద్దం, ఇంకేమీ తోచక.

మేనేజరు అత్తగారి వంక చూశాడు. ఆవిడ గోడౌను పెద్దాయనతో సమానంగా మంచం ఒక కొస పట్టుకుని గుమ్మం దాటిస్తోంది. మేనేజరు పరుగున వెళ్ళి మంచం లాక్కుని, ఆవిడను మెల్లగా మెట్లు దింపి, వీధిలో బీరువా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"నాకేమైంది బాబూ?"

"ఏమీ కాలేదమ్మా. ఏమీ కాదు కూడా. ధైర్యంగా ఉండండి."

అంతవరకు ధైర్యంగానే ఉన్న మనిషికి ఆ మాటతో భయం పట్టుకుంది. తనకేదో అయింది, తనకు తప్ప లోకమంతటికీ తెలుసు అనుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

పై వాటాలో ఉండే ఇంటి ఓనరు కిటికీలోంచి చూసేసరికి మంచం, బీరువా, గ్యాసుపొయ్యి, అత్తగారు వరసగా రోడ్డు మీదున్నారు. చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేస్తున్నారనుకున్నాడు. అలిగి, ఇల్లు కావాలని తన చుట్టూ తిరుగుతున్న, కొత్తగా పెళ్ళయిన జంటకు కబురుపెట్టాడు. వాళ్ళు రెక్కలు కట్టుకుని వాలారు. లోపల అడుగుపెట్టగానే గోడౌను పెద్దాయన, వీళ్ళూ సాయానికి వచ్చినవాళ్ళే అనుకుని, పెళ్ళికొడుకు చేతిలో రోలరు పెట్టాడు.

"పైనుంచి కిందికి రానివ్వు తమ్ముడూ. గీతలు పడకూడదు."

ఇల్లు ఇవ్వడానికి ఇది కూడా ఒక షరతేమోననుకుని అతను మారుమాట్లాడకుండా పనిలో దిగాడు.

కింద అత్తగారు పలకడం మానేసిందని మేనేజరు గమనించాడు. ఇక ఆలస్యం మంచిది కాదని ఆసుపత్రికి ఫోన్ చేసి భూతద్దం భార్యను పిలిపించాడు. "కంగారు పడకండమ్మా. మీ అమ్మగారు ప్రస్తుతానికి కూర్చునే ఉన్నారు."

ఆ మాట విన్న ఏ కూతురైనా ఏం చేస్తుందో ఆవిడా అదే చేసింది. సైరన్ మోగించుకుంటూ వీధి మలుపు తిరిగిన అంబులెన్సులోంచి నర్సు బట్టలతోనే దూకింది.

"అమ్మా, ఎలా ఉందే?"

"నాకేం తెలుసు. వాళ్ళనడుగు," అంది తల్లి నీరసంగా.

"మందులు మీ ఆయన దగ్గర పళ్ళెంలో ఉన్నాయమ్మా," అన్నాడు మేనేజరు.

అమ్మకు తలనొప్పి మాత్ర తప్ప మందన్నదే లేదని ఆవిడకు తెలుసు. రెండేసి మెట్లు ఎక్కి లోపలికి వెళ్ళింది. భూతద్దం నిచ్చెన మీద ఉన్నాడు. పళ్ళెం నిచ్చెన కింద ఉంది. ఆవిడ తువ్వాలు లాగేసరికి వెనకాలే వచ్చిన మేనేజరు, గోడౌను పెద్దాయన, ఇంటి ఓనరు, కొత్త జంట, కూతురి కేకకు కుర్చీ వదిలి వచ్చేసిన అత్తగారు, అందరూ పళ్ళెంలోకి వంగారు.

అందులో మాత్రలు లేవు, బొటనవేలంత సైనికులున్నారు.

"రంగులేద్దామనుకున్నది వీళ్ళకండీ," అన్నాడు భూతద్దం నిచ్చెన మీదినుంచే. "గోడలకి కాదు."

"చేతుల్లేవన్నది?" అన్నాడు మేనేజరు.

"ఆ చివరున్న ఇద్దరికి."

"అయితే నాకేం జబ్బు లేదా?" అంది అత్తగారు. లేదని అల్లుడు తలూపాక ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుని, ఎందుకైనా మంచిదని కూతురి చేత నాడి చూపించుకుంది.

చీకటి పడేలోగా ఫోటో పంపాలని, కిందటేడు ఏమైందో, అంతా చెప్పేశాడు. ఇక నవ్వులు మొదలవుతాయని కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ నవ్వు వినపడలేదు. కళ్ళు తెరిస్తే మేనేజరు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక సైనికుణ్ణి కంటికి ఆనించుకుని ఉన్నాడు.

"వీడి కోటుకి గుండీలు కూడా ఉన్నాయయ్యా," అన్నాడు నెమ్మదిగా. "ప్రైమరేది?"

"బాల్కనీలో స్ప్రే డబ్బా ఉందండీ."

"చిన్న డబ్బానా?" అన్నాడు గోడౌను పెద్దాయన. "అది ఊచలకి కొట్టేశాను. ఖాళీ. బాగా పట్టిందిలే."

భూతద్దం నిచ్చెన మీదే కూలబడ్డాడు. కిటికీలో ఎండ పలచబడుతోంది. అప్పుడు భార్య కదిలింది. గోడ ప్రైమరులో నీళ్ళు కలిపి, గాజుగుడ్డతో వడకట్టి, పాలలా జారేదాకా మళ్ళీ వడకట్టింది. కొత్త పెళ్ళికూతురు తన సంచిలోంచి కనురెప్పలకు రంగు వేసుకునే కుంచెలు తీసింది. అరటిపళ్ళల్లాంటి వేళ్ళున్న గోడౌను పెద్దాయన ఊపిరి బిగబట్టి ఇద్దరికీ చేతులు అతికించాడు. ఓనరు సీసా మూతలు తెచ్చాడు. అత్తగారు పనికి పూనుకున్నాక పళ్ళెం చుట్టూ ఇంకొకరు కూర్చునే చోటు లేదు.

భూతద్దం నిచ్చెన దిగబోయాడు.

"మీరెక్కడికి?" అంది భార్య తలెత్తకుండా. "సగం గోడ అలా వదిలేస్తే మరకలు పడతాయి. అది కానివ్వండి."

"పల్చగా వెయ్యండి. మొహాల మీద మరీ పల్చగా," అన్నాడాయన పైనుంచి.

"మీ గోడ మీరు చూసుకోండి అల్లుడుగారూ. ఆ మూల వదిలేశారు," అంది అత్తగారు.

మసక పడుతుండగా పన్నెండుగురూ తెల్లగా మెరుస్తూ బల్ల మీద నిలబడ్డారు. పెళ్ళికొడుకు భూతద్దం ఫోనుతో ఫోటో తీశాడు, మేనేజరు బృందానికి పంపాడు. కాసేపటికి జవాబు వస్తే ఆయనే పైకి చదివాడు. "ఇంత నున్నటి ప్రైమరు ఈ ఏడు ఇంకెవరికీ కుదరలేదు. మీ చేతిలో ఏదో ఉంది."

అప్పుడు భూతద్దం చేతిలో ఉన్నది రోలరు.