ఇంకో గరిటెడు నీలిమందు

ఈ గొడవకు పెద్దమ్మ కారణమంటే ఒప్పుకునేది లేదు. తప్పు మీది, ఆసుపత్రి లాండ్రీలో ఆమెతో కలిసి పనిచేసేవాళ్ళారా. కళ్ళారా చూస్తూ నోటికి తాళం వేసుకున్నది మీరు. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నదీ మీరే.

ఆ ఉదయం పెద్దమ్మ తలపెట్టింది చిన్న పనే. మధ్యాహ్నం లోపల తనిఖీ అధికారి వస్తున్నాడు, డాక్టర్ల కోట్లు తెల్లగా మెరిసిపోవాలి. ఆఖరి జాడింపులో చిటికెడు నీలిమందు కలిపితే తెలుపు తేటపడుతుందని లాండ్రీలో అందరికీ నేర్పింది ఆమే. కొన్నాళ్ళుగా మాత్రం ఎంత ఉతికినా తెలుపు ఆమె కంటికి ఆనడం లేదు.

"నీళ్ళలోనే ఏదో ఉందిరా. చూడు, మళ్ళీ పసుపుపచ్చగానే వచ్చాయి," అంటూ ఇంకో గరిటెడు వేసింది.

యంత్రం తిప్పే కుర్రాడు, ఆమెకు వరసకు అల్లుడు, తొట్టిలోకి చూశాడు. కోట్లు ఆకాశంలా ఉన్నాయి. నోరు తెరిచాడు, ఆమె నెరిసిన జుట్టు చూసి మూసేశాడు.

"బాగున్నాయత్తా."

"మల్లెపువ్వులే," అంది లాండ్రీలో అందరూ వదిన అని పిలిచే ఇస్త్రీ ఆవిడ, గోడకేసి చూస్తూ.

కోట్లు పైకి వెళ్ళాయి. ఆ ఆసుపత్రిలో నీలం కోటు వేసేది స్ట్రెచర్లు తోసేవాళ్ళు. తొడుక్కోవడానికి మరో కోటు లేదు కాబట్టి డాక్టర్లు అవే తగిలించుకున్నారు. అంతే, ఒక రోగి భార్య పెద్ద సర్జన్‌ని చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాయనా, మా ఆయన్ని ఎక్స్‌రేకి తోసుకెళ్ళు."

"నేను సర్జన్నమ్మా."

"అయితే ఏం, చేతులున్నాయిగా."

కొత్తవాళ్ళు చాలామంది వచ్చారనుకుని అసలు స్ట్రెచర్లవాళ్ళు టీకి వెళ్ళిపోయారు. పిల్లల డాక్టరు చేతికి నేల తుడిచే తడిగుడ్డ వచ్చింది. తనిఖీ అధికారి కారు దిగి, నీలం కోటులో ఎదురొచ్చిన సూపరింటెండెంటు భుజాన తన సంచి తగిలించి, "మీ పెద్దాయన గది ఎటు?" అన్నాడు.

సూపరింటెండెంటు ఆ సంచితోనే లాండ్రీకి దిగాడు. "కోట్లు నీలమైపోయాయని అందరూ ఫోన్లు. ఈవిడకి వయసైపోయింది. ఇవాళే ఇంటికి పంపించెయ్యండి."

ఆ ఆవిరి గది లేకపోతే తెల్లారి లేచి ఎటు నడవాలో కూడా పెద్దమ్మకు తెలియదు.

అప్పుడే ఒకతను మాసిన దుప్పట్ల మూట మోసుకుంటూ చెమటతో వచ్చాడు. నీలం కోటు చూసి పెద్ద నర్సు పంపించింది. అతను కంటి డాక్టరు. మాటలన్నీ విని మూట దించాడు.

"పెద్దమ్మా, నా కోటు ఏ రంగు?"

"తెలుపే బాబూ. ఇంకాస్త పచ్చదనం పోవాలి."

జేబులోని దీపంతో ఆమె కళ్ళలోకి చూశాడు. "పుట్టినప్పుడు కంటిలో కటకం, అదే లెన్సు, మంచినీళ్ళలా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ టీ నీళ్ళ రంగుకు తిరుగుతుంది, నీలం వెలుగును లోపలికి రానివ్వదు. మెల్లగా జరుగుతుంది కాబట్టి మనకే తెలియదు. ఇది బద్ధకం కాదు, మతిమరుపు కాదు. చిన్న ఆపరేషనుతో ఆ కటకం మార్చుకోవచ్చు."

"అదంతా నాకెందుకు," అన్నాడు సూపరింటెండెంటు. "అసలు నీ కోటు తెల్లగానే ఉందిగా. నాదీ తెలుపే. మరి నీలం ఎక్కడ?"

అల్లుడు నేలకేసి, వదిన గోడకేసి చూశారు. మెడ నుంచి మోకాళ్ళ దాకా నీలంగా ఉన్న పెద్దమనిషికి పొద్దున్నుంచీ ఒక్కరూ చెప్పలేదు, మర్యాద కదా. కంటి డాక్టరు దీపం అటు తిప్పాడు.

ఇద్దరికీ కటకాలు మార్చారు, పెద్దమ్మను ఇంటికి పంపే మాట అక్కడితో ఆగింది. కట్టు విప్పిన రోజు పెద్దమ్మ లాండ్రీకి వచ్చి, తీగ మీద ఆరేసిన అవే కోట్లను చాలాసేపు చూసింది.

"ఇంత నీలం పోశానా నేను? మీ నోళ్ళు ఏమైపోయాయిరా?"

"నీకు బాధేస్తుందని, అత్తా..."

"అయితే ముందే అడగాల్సింది, ఉద్యోగం పోయినా ఫరవాలేదా అని."

గరిటె వదిన చేతికిచ్చి, నీలిమందు డబ్బా పై అరలోకి నెట్టేసి, పనిలో పడింది.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది చేయండి. వయసైన మనిషిని ఇంటికి పంపే ముందు కంటి డాక్టరు దగ్గరికి పంపండి. తేడా కనబడితే ఆ పూటే, ఆ మనిషి ముఖం చూస్తూ చెప్పండి. నోరు తెరవడానికి ఏ ఆపరేషనూ అక్కర్లేదు.