రెండు వందల పన్నెండు మంది అనుచరులు

"ఇంటింటికీ ఆర్‌ఎన్‌ఏ. ఏడాది తిరిగేసరికి ఆర్‌ఎన్‌ఏ అందని గడప ఈ దేశంలో ఒక్కటి మిగిలినా నా పేరు మార్చుకుంటాను" అని సైన్సు శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి చప్పట్లు ఆగకుండా సాగాయి.

అంతకు నాలుగు రోజుల ముందు దాకా మంత్రిగారు చేపల శాఖ చూసేవారు. అక్కడ ఉండగా ఇంటింటికీ చేప అన్నారు. చేపల సంగతి తెలీదు గానీ ప్రకటన మాత్రం ఇంటింటికీ చేరింది. మాట మీద నిలబడే మనిషి కనక, శాఖ మారినా ఆయన మాట మార్చలేదు. చేప ఉన్నచోట ఆర్‌ఎన్‌ఏ పెట్టుకున్నారు, అంతే.

ఈ వార్త విశ్వవిద్యాలయం మూడో అంతస్తులోని ఆర్‌ఎన్‌ఏ ల్యాబుకు చేరేసరికి సీనియర్ ఒక ఎలుక మెదడును నూరుతోంది. పిహెచ్‌డీలో ఆరో ఏడు నడుస్తున్న ఆమెను ల్యాబులో అందరూ సీనియర్ అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉందని అంటారు.

ప్రొఫెసరుగారు పేపరు మడిచి, ప్రతి ఇంట్లోనూ ఆర్‌ఎన్‌ఏ ఎప్పుడో ఉంది కదమ్మా, బతికున్న ప్రతి కణంలోనూ ఉంటుంది, వంటింటి బొద్దింకలో కూడా ఉంటుంది అన్నారు. ఆ బొద్దింక మాట గుమ్మం దాటనివ్వద్దని సీనియర్ ఆయన్ను బతిమాలుకుంది. ఆమె భయం ఆమెది. కొత్త ఫ్రీజర్ కోసం పెట్టుకున్న ఫైలు మూడేళ్ళుగా ఆ మంత్రిగారి శాఖలోనే నిద్రపోతోంది.

ల్యాబులో ఉన్న ఫ్రీజర్‌ను తాతయ్య అంటారు. సున్నాకు ఎనభై డిగ్రీల కింద ఉండాల్సిన ఆ పెద్దమనిషి అరవై దగ్గర ఆయాసపడుతున్నాడు. ఆయన కడుపులోనే సీనియర్ ఆరేళ్ళ కష్టం ఉంది: రెండు వందల పన్నెండు చిన్న ట్యూబులు, ఒక్కో ట్యూబులో ఒక్కో ఎలుక మెదడు నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ. ఎలుకలు ముసలివయ్యేకొద్దీ వాటి జ్ఞాపకం ఎలా చెడుతుందో ఆమె చూస్తోంది. ఎలుక ముసలిదవడానికి రెండేళ్ళు పడుతుంది. తొందరపెడితే వినదు. తాతయ్య కన్నుమూస్తే ట్యూబులు కరుగుతాయి, ట్యూబులు కరిగితే మళ్ళీ ఎలుక పిల్లల దగ్గర మొదలుపెట్టాలి. ఆ ఊహకే సీనియర్‌కు అన్నం సహించేది కాదు.

ఇంట్లో మేనత్తకు మాత్రం ఈ బెంగ లేదు. ఆవిడ బట్టలు కుడుతుంది, మేనకోడలిని చిన్నప్పటి నుంచీ తనే పెంచింది. ఒకసారి ల్యాబు చూడ్డానికి వచ్చి గంటసేపు కూర్చుని, ఈ గొట్టంలో నీళ్ళు ఆ గొట్టంలో పోస్తున్నావు, దీనికి ఆరేళ్ళు ఎందుకే అని అడిగి వెళ్ళింది. ప్రకటన విన్న సాయంత్రం, మన వంతు ఎప్పుడొస్తుంది, సంచీ పట్టుకెళ్ళాలా డబ్బా పట్టుకెళ్ళాలా అని ఆరా తీసింది.

పథకాన్ని స్వయంగా చూసుకోవాలని మంత్రిగారు గురువారం ల్యాబుకు విచ్చేశారు. వెంట పి.ఏ.గారు, ఆయన వెంట ముప్ఫై మంది, వాళ్ళ వెంట కెమెరాలు. నలుగురు తిరిగే గదిలో నలభై మంది పట్టారంటే అది మంత్రిగారి మీద అభిమానమే తప్ప గది గొప్పతనం కాదు.

గుమ్మం దగ్గర సీనియర్ చేతి తొడుగులు అందించింది. మంత్రిగారు వాటిని చూసి నొచ్చుకున్నారు. తను ప్రజల మనిషిననీ, ముప్ఫై ఏళ్ళ ప్రజాజీవితంలో ఎవరితోనూ తొడుగు వేసుకుని చెయ్యి కలపలేదనీ చెప్పారు. వెంట వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"ఏదమ్మా ఆర్‌ఎన్‌ఏ? ఒకసారి ఇలా ఇవ్వు, పట్టుకు చూస్తాను" అన్నారు మంత్రిగారు.

మనిషి వేళ్ళ చెమటలోనే ఆర్‌ఎన్‌ఏను తునాతునకలు చేసే సరుకు ఉంటుంది. మూత దగ్గర ఒక్క వేలు తగిలితే చాలు, రెండేళ్ళ ఎలుక గంగలో కలిసినట్టే. ఇవ్వనంటే మంత్రికి కోపం, ఇస్తే ట్యూబుకు మరణం. అప్పుడు సీనియర్ చెయ్యి దానంతటదే నీళ్ళ ట్యూబు మీదకు వెళ్ళింది.

ప్రతి పరీక్షలోనూ ఉత్త నీళ్ళతో ఒక ట్యూబు పెట్టడం ఆ ల్యాబు పద్ధతి. ఏమీ చూపించకపోవడమే దాని ఉద్యోగం. అందులో ఆర్‌ఎన్‌ఏ కనిపించిందంటే ఎక్కడో ఎవరిదో మురికి చెయ్యి పడిందని అర్థం, ఆ రోజు చేసిన పనంతా చెత్తబుట్టకు పోతుంది.

మంత్రిగారు ఆ ట్యూబును వెలుతురుకెత్తి చూసి, ఎంత స్వచ్ఛంగా ఉందో అన్నారు. మూత తీశారు. లోపలికి వేలు పట్టకపోతే వేలికొస పెట్టి చూశారు. వాసన చూశారు. ఆ రోజు ఆయనకు పడిశం పట్టి ఉంది. ట్యూబులోకి చూస్తూ గట్టిగా తుమ్మారు. కెమెరాలన్నీ ఆ క్షణాన్ని అందుకున్నాయి. ప్రొఫెసరుగారు నోరు తెరవబోతే సీనియర్ ఆయన కాలు తొక్కింది.

అంతటితో పోయిందనుకుంటే, మర్నాడు పి.ఏ.గారు, మంత్రిగారి వెంట వెళ్ళిన ఆ ట్యూబును పెట్టెలో పెట్టించుకుని వచ్చారు. మంత్రిగారు పట్టుకున్న ఆర్‌ఎన్‌ఏ నాణ్యత ఎంతో రాతపూర్వకంగా కావాలట. సీనియర్‌కు దాచడం చేతకాలేదు. అవి ఉత్త నీళ్ళని ఒప్పేసుకుంది.

పి.ఏ.గారు ఏమాత్రం చలించలేదు. "మీరిచ్చినప్పుడు నీళ్ళేనమ్మా, ఒప్పుకుంటాను. మంత్రిగారు పట్టుకున్నాక కూడా నీళ్ళేనా? పరీక్ష చేశారా?"

చేశారు. యంత్రం ఆర్‌ఎన్‌ఏ ఉందంది. ఉండక ఏం చేస్తుంది, అంత తుమ్ము తుమ్మాక. సీనియర్ ఒక కాగితం తీసుకుని ఉన్నది ఉన్నట్టు రాసింది: మంత్రిగారు తాకక ముందు ఈ ట్యూబులో ఆర్‌ఎన్‌ఏ లేదు, తాకిన తరవాత ఉంది. ప్రొఫెసరుగారు దాంట్లో అబద్ధం ఎక్కడుందా అని అరగంట వెతికి, దొరక్క, సంతకం చేశారు.

ఆదివారం పేపర్లలో మొదటి పేజీ అంతా అదే. నీళ్ళకు ప్రాణం పోసిన మంత్రి అని ఒకటి, చేయి పడితే చాలు అని ఇంకొకటి. సోమవారం నుంచి మంత్రిగారి ఇంటి ముందు జనం సీసాలతో నీళ్ళు పట్టుకుని బారులు తీరారు. ఆయన ఎవరినీ నిరాశపరచలేదు. పడిశంతో ముక్కు కారుతున్నా లెక్కచెయ్యకుండా ఒక్కో సీసానూ ముట్టుకున్నారు, ఒక్కో చెయ్యీ కలిపారు, పసిపిల్లలను ముద్దుపెట్టుకున్నారు.

వారం తిరిగేసరికి ఊరంతా తుమ్ములు. రెండు వారాలకు దేశమంతా. మేనత్త కూడా కుట్టుమిషను మీద తల వాల్చి, ముక్కు చీదుకుంటూ, మనకూ వచ్చిందే అంది. ఆ పడిశం తెచ్చే సూక్ష్మజీవి ఒంటినిండా ఆర్‌ఎన్‌ఏనే అని ప్రొఫెసరుగారు ఎవరో అడిగితే చెప్పారు. ఆయన సైన్సు మనిషి, అడిగితే చెప్పకుండా ఉండలేరు. దాంతో ఇంటింటికీ ఆర్‌ఎన్‌ఏ పథకం గడువుకు పదకొండు నెలల ముందే నూటికి నూరుపాళ్ళూ పూర్తయినట్టు ప్రభుత్వం ప్రకటించింది. ప్రతిపక్షం వాళ్ళ ఇళ్ళకు కూడా వివక్ష లేకుండా అందించిన ఘనత మంత్రిగారిది. పంపిణీలో అవకతవకలు జరిగాయని ప్రతిపక్ష నాయకుడు తుమ్ముల మధ్య ఆరోపించినా ఎవరూ పట్టించుకోలేదు.

ఇంతటి పథకానికి మూలమైన ట్యూబును భావితరాల కోసం భద్రపరచాలి కదా. ఎక్కడ పెడితే చెడకుండా ఉంటుందని పి.ఏ.గారు అడిగారు. సున్నాకు ఎనభై కింద ఉండే ఫ్రీజర్‌లో అని సీనియర్ చెప్పింది. అయితే ఎల్లుండి వస్తుందన్నారు ఆయన. మూడేళ్ళుగా తమ ఫైలు కదల్లేదని ఆమె గుర్తు చేస్తే, అది మీ ఎలుకల ఫైలమ్మా, ఇది మంత్రిగారిది అని ఓపిగ్గా విడమరిచి చెప్పారు.

అన్నట్టే ఫ్రీజర్ వచ్చింది. బీరువా అంత ఎత్తు, తళతళ మెరుస్తోంది. తలుపుకు తాళం, తాళంచెవి పి.ఏ.గారి జేబులో. మంత్రిగారి ట్యూబు తప్ప అందులో మరేదీ పెట్టరాదని ఆర్డరు. అదే పొద్దున తాతయ్య నలభై ఎనిమిదికి వచ్చి, టక్కుటక్కుమని దగ్గడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా కూడా ఆగేలా లేడు. సీనియర్‌కు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే ట్యూబులు కరుగుతాయి కనక మింగేసి, పి.ఏ.గారి దగ్గరకు వెళ్ళింది.

"సార్, అంత పెద్ద ఫ్రీజర్‌లో మంత్రిగారి ట్యూబు ఒక్కటే ఉంటుందా?"

"ఒక్కటే. పక్కన ఎవరినీ చేరనివ్వం."

"అంటే, అనుచరులు లేకుండానా?"

పి.ఏ.గారి చేతిలో కలం ఆగిపోయింది. మంత్రిగారు గదిలోంచి గదిలోకి వెళ్ళాలన్నా వెనక పదిమంది ఉండాల్సిందే. ఒంటరిగా ఉన్న మంత్రిని ఆయన తన సర్వీసులో ఎన్నడూ చూడలేదు. చూసినవాళ్ళు ఆ మంత్రి మాజీ అయిపోయాడనుకుంటారు.

"మీ దగ్గర ఎంతమంది ఉన్నారు?" అన్నారు గొంతు తగ్గించి.

"రెండు వందల పన్నెండు మంది సార్."

"నమ్మకస్తులేనా?"

"ఆరేళ్ళుగా ఉన్నచోటు నుంచి కదల్లేదు."

మధ్యాహ్నానికల్లా ట్యూబులన్నీ కొత్త ఫ్రీజర్‌లోకి చేరాయి. నడిమి అర మీద మంత్రిగారి ట్యూబు, చుట్టూ పై అరల్లో, కింది అరల్లో అనుచరులు. తలుపు మీద జాబితా అంటించి, పి.ఏ.గారు సంతకం చేసి ముద్ర వేశారు. మూడింటికి తాతయ్య ఒక్క నిట్టూర్పు విడిచి ఆగిపోయాడు. సీనియర్ నేల మీద చతికిలపడి, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వింది.

ఆ తరవాత రెండు నెలలు ఆమె పని పరుగులు తీసింది. ఒక్కటే చిక్కు. ట్యూబు బయటకు తీసినప్పుడల్లా, అనుచరుడు నంబరు ఎనభై ఏడు అనారోగ్య కారణంగా రెండు గంటలు సెలవు కోరుతున్నాడు అని పి.ఏ.గారికి చీటీ రాయాలి. ఆయన మంజూరు చేసి తాళంచెవి పంపేవారు. మంచి మనిషి.

ఇంకో నెలలో పని అయిపోతుందనగా, ఒక సాయంత్రం మేనత్త బట్టల మీద ఇస్త్రీ పెట్టె నడుపుతూ వార్తలు వింటోంది.

"మీ ఫ్రీజరాయన పదవి ఊడిందటే" అంది.

కొత్త సైన్సు మంత్రి ఎవరో కాదు, పాతాయనకు బద్ధశత్రువు. పాతాయన నీళ్ళు పోశాడని మొక్కలను కూడా పీకించే రకం. తలుపు మీద సంతకంతో, ముద్రతో ఉన్న జాబితా సీనియర్ కళ్ళ ముందు ఆడింది. తన చేత్తో తనే ట్యూబులను ఆయన మనుషులను చేసింది.

"ఆయన పోతే పోయాడు. ఆయన వెనక తిరిగినవాళ్ళ గతేమిటత్తా?"

"వాళ్ళకేమే? పొద్దు గుంకేలోపు కొత్తాయన గుమ్మంలో ఉంటారు" అంది మేనత్త, చొక్కా తిరగేస్తూ.

సీనియర్ చెప్పులేసుకుని ల్యాబుకు పరిగెత్తింది.

మర్నాడు పొద్దున్నే పి.ఏ.గారు వచ్చారు. అదే పి.ఏ.గారు. జేబు మీద బొమ్మ మాత్రం కొత్త మంత్రిగారిది. వెనక ఇద్దరు మనుషులు, వాళ్ళ చేతుల్లో బకెట్లు. ఆయన గొంతు సవరించుకుని ఆర్డరు చదివారు: మాజీ మంత్రి ట్యూబును, వారి అనుచరులందరినీ తక్షణం ఫ్రీజర్ నుంచి ఖాళీ చేయించి, పారబోసి, నివేదిక పంపవలెను.

సీనియర్ తలుపుకు అడ్డంగా నిలబడి, "వీళ్ళు ఆయన మనుషులు కారు సార్" అంది.

"కాకపోవడమేమిటమ్మా? జాబితా మీద నేనే కదా సంతకం పెట్టాను."

"అప్పుడు ఆయనవాళ్ళే. నిన్న కొత్త మంత్రిగారి వైపు వచ్చేశారు."

పక్కకు తప్పుకుని తలుపు చూపించింది. పాత జాబితా లేదు. కొత్తది అంటించి ఉంది, పైన కొత్త మంత్రిగారి పేరుతో. బకెట్లవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పి.ఏ.గారిలో మాత్రం ఆశ్చర్యం వీసమెత్తు లేదు. జేబులోంచి కలం తీశారు.

"ఎంతమంది వచ్చారు?"

"అందరూ సార్. రెండు వందల పన్నెండు."

"ఆయనతో ఎవరూ మిగల్లేదా?"

"ఒక్కరు కూడా లేరు."

"పదవులేమైనా అడిగారా?"

"లేదండి. కరెంటు పోకుండా చూస్తే చాలన్నారు."

పి.ఏ.గారు ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత తక్కువకు వచ్చినవాళ్ళను చూడలేదన్నారు. తాళం తీసి, నడిమి అర మీద ఒంటరిగా ఉన్న ట్యూబును రెండు వేళ్ళతో పైకెత్తి బకెట్లో వేయించారు. తలుపు మూసి, మిగిలినవాళ్ళ జోలికి వెళ్ళొద్దని మనుషులకు చెప్పారు.

పి.ఏ.గారు నివేదికలో ఒక గడి దగ్గర ఆగారు.

"ఎన్నింటికి మారారమ్మా? టైము రాయాలి."

"సాయంత్రం ఆరూ పదికండి."

ఆయన వేళ్ళ మీద లెక్కవేసుకున్నారు.

"నాకన్నా నలభై నిమిషాలు ఆలస్యం. సీనియారిటీలో నా కిందే వస్తారు" అని రాసుకున్నారు.