హెల్గా థోర్సన్ జవాబులు

మా వదిన నెట్టీ, నేనూ పిండి బిళ్లల్లో ఉడికించిన బంగాళాదుంప కూరి పిరోహీల అంచులు నొక్కుతున్నాం. అదే బల్ల చివర మా అన్నయ్య ఓరెస్ట్ ఎడమ చేత్తో ఉత్తరం రాస్తున్నాడు. అతనిది కుడిచేతి వాటం.

“ఈసారి ఏమంటోంది మహాతల్లి?” అంది వదిన.

“బీట్‌రూట్ సూప్ వదిలిపెట్టకుండా తాగమంటోంది.”

“పోయినసారి కోళ్ల గూడు తలుపు వేయమంది. మంచులో మందులు మోసిన మనిషికి మన కోళ్లతో ఏం పని?”

“పెద్దవాళ్లు అన్నీ పట్టించుకుంటారు.”

“అయితే నిన్ను బూట్లు బయటే విప్పమని కూడా రాయించు.”

హెల్గా థోర్సన్ చలికాలాల్లో చిన్న విమానం నడుపుకుంటూ విన్నిపెగ్‌కు ఉత్తరాన ఉన్న మంచు పల్లెలకు ఒంటరిగా మందులు చేర్చిన మనిషి. ఇప్పుడు ఎనభై దాటాయి. అన్నయ్య కూతురు లెస్యాకు ఏడేళ్లు. దాని మంచం పక్క గోడకు మేరీమాత పటం, ఆ పక్కనే పేపర్లోంచి కత్తిరించిన హెల్గా బొమ్మ ఉంటాయి. పడుకునేముందు ఎవరికి దండం పెడుతుందో అడిగే ధైర్యం మాకు లేదు.

ఫిబ్రవరిలో అది హెల్గాకు ఉత్తరం రాసి, రోడ్డు పక్క మా తపాలా పెట్టెలో పెట్టి, పోస్ట్‌మన్ కోసం ఎర్ర రేకు జెండా లేపింది. అంత గొప్ప మనిషి జవాబు రాయదని, పిల్ల బెంగ పెట్టుకుంటుందని అన్నయ్య భయం. పోస్ట్‌మన్ రాకముందే ఉత్తరం తీసేసి జెండా దించాడు. వారానికల్లా పాత స్టాంపు ఆవిరి పట్టి ఊడదీసి, హెల్గా పేరుతో జవాబు తయారు చేశాడు. ఇప్పుడు రాస్తున్నది ఐదోది.

“దానికి తెలిసిననాడు నీ మాట మళ్లీ నమ్ముతుందా?” అంది వదిన.

“తెలియదులే” అన్నాడు అన్నయ్య, కవరు అంటిస్తూ. వెళ్లి ఉత్తరం పెట్టెలో పెట్టి వచ్చాడు.

నాలుగు గంటలకు విన్నిపెగ్ రేడియోలో చెప్పారు. హెల్గా థోర్సన్ ఆ తెల్లవారుజామున కన్నుమూసింది.

లెస్యా బడి నుంచి వచ్చే వేళ. ఆ ఉత్తరం వెనక్కి తీసేయడానికి అన్నయ్య లేసులు కట్టుకోకుండానే రోడ్డుకు పరిగెత్తాడు. ఒక బూటు బురదలో ఉండిపోయింది. అతను కుంటుతూ తిరిగొచ్చాడు. వెనకే లెస్యా ఒక చేత్తో బూటు, ఇంకో చేత్తో ఉత్తరం పట్టుకుని వచ్చింది.

“రెండూ నీవే నాన్నా” అని బల్ల మీద పెట్టింది. “ఆవిడ చనిపోయిందని టీచర్ చెప్పారు.”

వదిన బూటు తీసి కింద పెట్టింది.

“నీకెప్పుడు తెలిసింది?” అన్నాడు అన్నయ్య.

“మొదటి ఉత్తరంలోనే. నేను రాయకుండా మన పుంజు పేరు ఆవిడకెలా తెలుస్తుంది?”

“మరి అడగలేదేమే?”

“నువ్వు నాలుక బయటపెట్టి రాస్తుంటే తలుపు సందులోంచి చూశాను. అంత కష్టపడుతున్నావని అడగలేదు.”

భోజనం డబ్బాలోంచి మడత కాగితం ఒకటి తీసింది. నాన్న సంగతి చెబుతూ తను మళ్లీ రాసిన ఉత్తరం టీచర్ పోస్ట్ చేశారట. ఇది దానికి బడికొచ్చిన జవాబు. వంకర గీతల్లాంటి అక్షరాలు. వదిన కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది.

“లెస్యా, నా చేతులు వణుకుతున్నాయి. ఎక్కువ రాయలేను. మీ నాన్నను రాయనీ. నా చిన్నప్పుడు నాకోసం అంత పని ఎవరూ పెట్టుకోలేదు.”

అన్నయ్య ఆ కాగితం అడిగి తీసుకుని, తనూ చదివాడు.

లెస్యా అతని చొక్కా పట్టుకుంది. “ఆవిడ కోసం మన గుడి గంట కొడతావా నాన్నా?”

ఆ చర్చి గంట మా గుడివాళ్లు పోతేనే మోగుతుంది; హెల్గాది మా గుడి కాదు. పదేళ్లుగా కొట్టేది అన్నయ్యే. పక్క పొలం ముసలాయన పోయినప్పుడు, వేరే గుడి మనిషని తాడు ముట్టలేదు. ఎవరెంత చెప్పినా వినలేదు.

వదిన అతని వంక చూసింది. నేనూ చూశాను.

అన్నయ్య వంగి బురద బూటు తొడుక్కున్నాడు. మేకుకున్న గుడి తాళంచెవి తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.